బీరువాకెక్కిన అభిమానం

ఆ ఉదయం లైబ్రేరియన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. గ్రంథాలయం తలుపులు తీయగానే నల్లజాతి రచయితల పుస్తకాలన్నీ మూలనున్న అలమరలోంచి తీయించాలి. గుమ్మానికి ఎదురుగా బల్ల మీద పరిచి ఉంచాలి. వచ్చినవారి చేతిలో తలా ఒకటి పెట్టి ఇంటికి పంపాలి. అంతే. బస్సు ఆలస్యమయ్యేలా ఉందని ఈ మాటే ఫోనులో అటెండరుకు చెప్పింది. అవతల రోడ్డు తవ్వే యంత్రం మోతలో అతడికి మొదట్లో "నల్ల" అన్నదీ, చివర్లో "తల పుస్తకాలు" అన్నదీ వినిపించాయి. మధ్యది అతడే పూరించుకున్నాడు. అందరూ అతణ్ణి 'అరచెవి' అనేది ఊరికే కాదు. సగం వింటాడు, మిగతా సగం సొంతంగా కల్పిస్తాడు. ఆ రకంగా ఆ భవనంలో ప్రాణాలతో ఉన్న ఏకైక కల్పనా రచయిత అతడే.

ఆమె వచ్చేసరికి బల్ల మీద నల్లటి గుట్ట ఒకటి లేచి ఉంది. న్యాయశాస్త్ర సంపుటాలు, నిఘంటువులు, ఎప్పుడో నల్ల రెక్సినుతో బైండు చేయించగా వెన్ను మీద బంగారు అక్షరాలు చెరిగిపోయి పేరూ ఊరూ తెలియకుండా మిగిలిన ముసలి పుస్తకాలు.

"ఏంటయ్యా ఇవి?"

"మీరు చెప్పినవే మేడమ్. నల్ల అట్టల పుస్తకాలు. ఒక్కటి కూడా వదల్లేదు."

"నల్ల అట్టలు కాదు నాయనా, నల్లజాతి రచయితలు!"

"అట్ట రంగంటే కంటికి కనిపిస్తుంది. రాసినాయన రంగు నాకెలా తెలుస్తుంది మేడమ్?"

"పై అట్ట మీద ఫొటో ఉంటుందిగా, అది చూసి తియ్యి!"

ఈ ఒక్క మాట అన్నందుకు ఆమె తర్వాత చాలా బాధపడింది. అప్పటికి మాత్రం అరచెవి ఆ నల్ల గుట్టను చేతులకెత్తుకుని మెట్ల కింది కొట్టుగదిలో పడేసి వచ్చాడు.

ఆమె తొందరకు కారణముంది. ఏడాది పాటు ఎవరూ ఇంటికి తీసుకెళ్లని పుస్తకానికి కేంద్ర కార్యాలయం కంప్యూటరు మరణశిక్ష వేస్తుంది. వెన్ను మీద ఒక ఎర్ర చుక్క అంటిస్తారు. నెలాఖరున బండి వచ్చి ఎర్ర చుక్కలన్నిటినీ కాగితం మిల్లుకు తోలుకుపోతుంది. అక్కడ వాటిని నానబెట్టి, రుబ్బి, అట్టపెట్టెలు చేస్తారు. ఈలోగా ఒక్క పాఠకుడు ఒక్కసారి తీసుకెళితే చాలు, చుక్క ఊడుతుంది. ఆ మూల అలమరలో ఉన్నవాటికన్నిటికీ ఈసారి చుక్క పడింది. చుక్కల్లో కలిసిపోకముందే వాటిని నలుగురి చేతుల్లో పెట్టాలని ఆమె ఆరాటం.

ఆ ఆరాటం అద్దాలాయన చెవిన పడింది. ఆయన గ్రంథాలయ కమిటీ అధ్యక్షుడు, అద్దాల కొట్టు యజమాని. ఏ సమస్యకైనా ఆయన దగ్గర ఒకటే పరిష్కారం: దానికి అద్దం బిగించడం.

"బల్ల మీద పరుస్తావా? ఇవేమన్నా వంకాయలా తల్లీ?" అన్నాడాయన. "గొప్పవాళ్ల పుస్తకాలు. గొప్పగా ఉంచాలి. మా కొట్లోంచి అద్దాల బీరువా పంపిస్తా, ఉచితంగా!"

"మరి ఎవరైనా అడిగితే ఇచ్చేయాలి కదండీ?"

"ఇద్దాం, ఇద్దాం. ముందు ప్రారంభోత్సవం కానీ. అప్పుడే ఇచ్చేస్తే మధ్యలో పళ్లూడిన నోరులా ఉండదూ? రెండ్రోజులే. మా బావమరిది వచ్చి రిబ్బను కత్తిరిస్తాడు."

బీరువా వచ్చింది. సర్దే పని అరచెవికి అప్పగిస్తూ అద్దాలాయన గట్టిగా చెప్పాడు. "ముఖాలు బయటికి, వెన్నులు లోపలికి. ఫొటోలున్న అట్టలు ముందు వరసలో. అట్టల సంగతి నువ్వు చూసుకో. లోపలి సంగతి ఎవడు చూస్తాడు?" పుస్తకాలతో పాటు నల్లజాతి దర్శకుల సినిమా డిస్కులు కూడా లోపలికి వెళ్లాయి. ఎర్ర చుక్కలన్నీ వెనక్కు తిరిగాయి. అట్టల అట్టహాసం పూర్తయ్యాక అద్దాలాయన తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, అద్దం మీద స్వయంగా ఒక చీటీ అంటించాడు: 'ప్రదర్శన నిమిత్తం. బయటికి ఇవ్వబడదు.'

చీటీ జిగురు ఆరకముందే పెద్దావిడ వచ్చింది. నల్లజాతి మనిషి. తెల్లటి పొట్టి జుట్టు, చేతికర్ర, ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక. బీరువా ముందు వరసలో నడిమధ్య ఉన్న అట్ట మీద ముప్ఫై ఏళ్ల యువతి ఫొటో ఉంది. పెద్దావిడ దాన్ని చూసి నవ్వింది.

"అమ్మాయీ, ఆ నవల కావాలి. అది నేను రాసిందే."

లైబ్రేరియన్ అట్ట మీది ముఖాన్నీ ఎదుటి ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. "అమ్మా! మీరు... మీరింకా..."

"బతికే ఉన్నాను. అట్ట మీద కంటే కొంచెం నలిగానంతే." కర్ర గోడకానించింది. "మా ఇంట్లో పైపు పగిలి నా దగ్గరున్న కాపీలన్నీ నానిపోయాయి. ఇప్పుడొక ప్రచురణకర్త మళ్లీ వేస్తానంటున్నాడు. పాత అచ్చుప్రతి ఒకటి తెస్తేనే. ఈ నెల దాటితే వేరే పుస్తకం మొదలెట్టేస్తాడట. ఎన్నో ఊళ్లు వెతికించాను. లోకంలో ఇదొక్కటే మిగిలినట్టుంది. నేను రాసింది కూడా అదొక్కటే."

లైబ్రేరియన్ ఫోనందుకుంది. అవతల అద్దాలాయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "రచయిత్రే వచ్చిందా? పట్టుకో, వదలకు! ప్రారంభోత్సవంలో బీరువా పక్కన నిలబెడదాం. నిండుగా ఉంటుంది!"

"ఆవిడకు పుస్తకం కావాలటండీ."

"ఆవిడ పుస్తకం ఆవిడకెందుకు? రాసింది తనేగా, కథ తెలిసే ఉంటుంది!"

ఈ మాట మింగేసి లైబ్రేరియన్ పెద్దావిడ వైపు తిరిగింది. "రెండ్రోజులాగండమ్మా. రిబ్బను కత్తిరించగానే మొదటి పుస్తకం మీకే."

రెండ్రోజులకు బావమరిది రాలేదు. అతిథి దొరికాడు గాని తిథి దొరకలేదు. మొదట ఆయనకు జలుబు చేసింది, తర్వాత ఆయన కారుకు చేసింది. పెద్దావిడ రోజూ వచ్చేది. అద్దం ముందు కుర్చీ వేసుకుని తన యవ్వనాన్ని కాసేపు చూసి వెళ్లేది. మిగతా పాఠకులూ వచ్చారు. విచిత్రమేమిటంటే, ఇన్నేళ్లుగా ఆ అలమర వైపు తొంగి చూడనివాళ్లు, తాళం వేసేసరికి "అది కావాలి, ఇది కావాలి" అని ఎగబడ్డారు. అందరికీ చీటీ చూపించారు. ఒక నర్సు మటుకు చీటీని రెండుసార్లు చదివి, "చదవడానికి మీరు బయట పెట్టింది ఇదొక్కటేనా?" అని అడిగి వెళ్లిపోయింది.

చివరికి బావమరిది వచ్చాడు. రిబ్బను తెగింది. అద్దం మీద నుంచే పెద్దావిడ ఫొటోను తడుముతూ ఆయన ఉపన్యసించాడు. "ఈ నవల నేను రెండుసార్లు చదివాను. ఏం శైలి! ఎక్కడా అడ్డు లేదు, ఆటంకం లేదు. నీళ్లు పైపులోంచి వచ్చినట్టు వస్తుంది!"

చప్పట్లు తాళం వేశాయి. అసలు తాళం మాత్రం ఊడలేదు. ఇంత పేరొచ్చాక మధ్యలో ఆపడమేమిటని అద్దాలాయన ప్రదర్శనను నెలాఖరు దాకా పొడిగించాడు.

"నన్ను కూడా లోపల పెట్టి తాళం వేస్తారా బాబూ? నా పుస్తకం పక్కనైనా ఉంటాను," అంది పెద్దావిడ.

"ఎంత చమత్కారమండీ మీది!" అని అద్దాలాయన ఫొటో తీయించుకున్నాడు. ఆ సాయంత్రం కమిటీ గదిలో మాత్రం మాట వేరుగా నడిచింది. పుస్తకం ఇష్యూ చేయమని అడుగుతున్న మనిషి, అనవసరంగా ఇష్యూ చేస్తోందని తీర్మానించారు.

తర్వాత సినిమా వారం. సినిమాలేమో బీరువాలో ఉన్నాయి. కాబట్టి చర్చ మాత్రమే పెట్టారు. సినిమాల మీద ఉపన్యాసాలిచ్చే లెక్చరరుగారు అద్దం లోపలి డిస్కు పెట్టెల మీది బొమ్మలు చూపిస్తూ, "దర్శకుడు చీకటిని వాడుకున్న తీరు చూడండి!" అన్నారు. ప్రొజెక్టరు వెలగలేదు గనుక చీకటి నిజంగానే బాగుంది.

"మీరు ఆ సినిమా చూశారా బాబూ?" అని వెనక వరసలోంచి పెద్దావిడ గొంతు.

"చూడటం వేరు, దర్శించడం వేరు అమ్మా!"

"అవున్లే. నేనూ నా పుస్తకాన్ని రోజూ దర్శిస్తున్నాను."

అందరూ నవ్వారు. లైబ్రేరియన్ నవ్వలేకపోయింది. నెలాఖరు తరుముకొస్తోంది. తాళంచెవి కోసం అద్దాలాయనకు ఫోను చేస్తే, ఆయన బంధువులింట పెళ్లిలో ఉన్నాడు. బీరువా పగలగొడతానంది. "పగలగొడితే ప్రభుత్వ ఆస్తి నష్టం. నేను దానం చేశాక అది నాది కూడా కాదు," అన్నాడాయన. "నెలాఖరు రోజు పొద్దున్నే వచ్చి నా చేత్తో తీస్తా. సరేనా తల్లీ?"

నెలాఖరు రోజు పొద్దున్నే కేంద్ర కార్యాలయం నుంచి లైబ్రేరియన్‌కు పిలుపు. నల్లజాతి సాహిత్యాన్ని, సినిమానూ విశేషంగా ప్రచారం చేసినందుకు ఆమె గ్రంథాలయానికి మెమెంటో ఇస్తారట, తక్షణం బయలుదేరాలట. వెళ్లనంటే ఉద్యోగానికే మాటొచ్చేలా ఉంది. "అద్దాలాయన రాగానే తీయించి, ముందుగా పెద్దావిడకు ఆ నవల ఇచ్చేయ్. మిగతావి అడిగినవాళ్లకల్లా ఇచ్చేయ్. అర్థమైందా?" అని అరచెవికి ఎదురుగా నిలబడి, రెండు చెవుల్లోనూ చెప్పి వెళ్లింది.

ఆ కార్యాలయంలో పై అంతస్తువాళ్లు మెమెంటో ఇస్తారు. కింది అంతస్తువాళ్లు బండి పంపుతారు. రెండు అంతస్తుల మధ్య మెట్లున్నాయి గాని మాటల్లేవు. ఆమె పై అంతస్తులో శాలువా కప్పించుకుంటున్న సమయానికి బండి గ్రంథాలయం ముందు ఆగింది. సరిగ్గా అప్పుడే అద్దాలాయన పెళ్లిబట్టల్లోనే దిగాడు.

"పుస్తకాల కోసం వచ్చాం సార్. ఈ బీరువాలోవే," అన్నారు బండివాళ్లు చేతిలోని జాబితా చూస్తూ.

"కేంద్ర కార్యాలయం నుంచా?" అద్దాలాయన ముఖం వెలిగిపోయింది. "చెప్పానా! ఊరూరా తిప్పి చూపిస్తారు కాబోలు!" తాళం తీశాడు. ఎంచడాలు చూడడాలు లేకుండా బీరువా మొత్తం ఖాళీ చేయించాడు. తనూ నాలుగు మోసి, బండి పక్కన నిలబడి ఫొటో దిగాడు. పుస్తకాలిచ్చేయమన్నారు కదా అని అరచెవి కూడా సాయం పట్టాడు. అతడి లెక్కలో బండివాళ్లూ అడిగినవాళ్లే.

మధ్యాహ్నం లైబ్రేరియన్ మెమెంటోతో తిరిగొచ్చేసరికి కమిటీ, బావమరిది, లెక్చరరుగారు, పాఠకులు అందరూ అభినందించడానికి హాల్లో ఉన్నారు. కుర్చీలో పెద్దావిడ. ఎదురుగా ఖాళీ బీరువా.

"ఏవీ పుస్తకాలు?"

అద్దాలాయన గర్వంగా చెప్పాడు. ఆయన మాట పూర్తికాకముందే ఆమె మిల్లుకు ఫోను చేసింది. అవతలివాడు మర్యాదస్తుడే. "పొద్దున్న లోడేనా మేడమ్? అప్పుడే తొట్టిలో వేసేశాం. నానుతున్నాయి," అన్నాడు.

ఆమె ఫోను పెట్టేసి, అందరివైపూ తిరిగి, ఎర్ర చుక్కంటే ఏమిటో మొదటిసారి అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. ఎవరూ తీసుకెళ్లని పుస్తకాలను చంపుతారు. ఎవరైనా తీసుకెళతారని మనం ప్రదర్శన పెట్టాం. ప్రదర్శన పెట్టాం గనుక ఎవరినీ తీసుకెళ్లనివ్వలేదు. "అడిగినవాళ్లందరికీ ఇచ్చి ఉంటే ఇవాళ అన్నీ బతికి ఉండేవి. మనం వాటిని ఎంత ప్రేమించామంటే, గాలాడకుండా చంపేశాం."

బయట రోడ్డు తవ్వే యంత్రం అప్పుడే ఆగింది. పెద్దావిడ కర్రను రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. "మళ్లీ నీళ్లేనన్నమాట," అంది మెల్లగా. "ఇంట్లో పైపు నీళ్లు, ఇక్కడ తొట్టి నీళ్లు."

అరచెవి తల గోక్కున్నాడు. "ఏ పుస్తకం మేడమ్? ఈ పెద్దమ్మ ఫొటో ఉన్నదా? అందులో ఆమె పుస్తకం లేదుగా!"

"ఏంటీ?"

"సర్దేరోజు పై అట్ట సొరుగులో దొరికింది, పుస్తకం దొరకలేదు. బైండుకు పంపేటప్పుడు పై అట్టలు తీసి దాచుతాం కదా, ఇది అలా మిగిలిందే. అద్దాల సారునడిగితే 'దళసరి చూసి దేనికో ఒకదానికి తొడిగెయ్' అన్నారు. కుళాయిల మరమ్మతు పుస్తకానికి సరిగ్గా సరిపోయింది."

తలలన్నీ బావమరిది వైపు తిరిగాయి. రెండుసార్లు చదివిన మనిషి రెండోసారి జలుబు తెచ్చుకున్నాడు.

లైబ్రేరియన్ మాత్రం ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. బైండు. నల్ల రెక్సిను. మొదటిరోజు బల్ల మీది గుట్ట. మెమెంటో ఎవరి చేతిలో పెట్టిందో కూడా చూసుకోకుండా మెట్ల కింది కొట్టుగదికి పరుగెత్తింది. వెనకాలే పెద్దావిడ తప్ప అందరూ. న్యాయశాస్త్ర సంపుటాల అడుగున, పేరు చెరిగిపోయిన ముసలి పుస్తకమొకటి దొరికింది. వెన్ను మీద ఎర్ర చుక్క. తెరిచి చూసి, హాల్లోకి తెచ్చి పెద్దావిడ ఒళ్లో పెట్టింది.

పెద్దావిడ పుస్తకాన్ని కళ్లకు దగ్గరగా పట్టుకుని మొదటి వాక్యం పైకే చదివింది. "మా అమ్మ చేతులు ఎప్పుడూ తడిగానే ఉండేవి." గోటితో ఎర్ర చుక్కను నెమ్మదిగా గీకి ఊడదీసింది. బీరువాలో ఉన్నవాళ్లందరూ పోయారు. ఎవరూ ప్రచారం చేయని ఈ ఒక్కటీ మిగిలింది.

"అమ్మా," అన్నాడు అద్దాలాయన గొంతు సవరించుకుని, "ఇంత అపురూపమైన ప్రతి... దీన్ని భద్రంగా..."

పెద్దావిడ చూసిన చూపుకు ఆయన వాక్యం పూర్తి కాలేదు. లైబ్రేరియన్ అక్కడికక్కడే ముద్ర వేసి ఇచ్చింది. పెద్దావిడ పుస్తకాన్ని సంచిలో వేసుకుని, కర్ర ఊపుకుంటూ, ఖాళీ బీరువా వైపు తలైనా తిప్పకుండా బయటికి నడిచింది.

బీరువా ఇప్పుడు ఖాళీగా లేదు. అందులో మెమెంటో ఉంది. బయటికి ఇవ్వబడదు.