జంట కోట్స్ కవచభంగం

దేవుడి పటానికి బిగించిన అద్దం స్వామిని కాపాడుతోందా, మనకు దూరం చేస్తోందా అన్న సందేహం నన్ను ఏళ్లుగా వదల్లేదు. దాన్ని తీర్చిన మహాసంగ్రామం మా ఇంటి భోజనాల బల్ల మీద, మధ్యాహ్న మార్తాండుడు కిటికీ తెర సందులోంచి తొంగిచూస్తున్న వేళ జరిగింది.

ఆసుపత్రి కంప్యూటర్ల పరిరక్షకుడు, కీబోర్డు ధనుర్ధరుడు, సోఫా మొదలు టీవీ రిమోటు దాకా సకల వస్తువులకూ ప్లాస్టిక్ కవచధారణ చేయించినవాడు అయిన మా అల్లుడు, రక్తపరీక్షల ఫైళ్లను ఏరి డాక్టర్లకు పంపమని ‘షెల్’ అనే ప్రోగ్రాముకి తాను రాసిన ఆజ్ఞల స్క్రిప్టుతో పోరాడుతున్నాడు. పేరులో ‘రిపోర్టు’ అన్న మాట, దాని వెనక అంకెలు ఉన్న ఫైళ్లన్నీ రావాలి. ఒక్కటీ రాలేదు. అక్కడ ఆసుపత్రి వరండాలో రోగులు ఎదురుచూస్తున్నారు.

"ఓ నమూనా!" అని, ఫైళ్ల పేర్లతో పోల్చడానికి తాను రాసిన గుర్తుల వరసను చూసి గర్జించాడు. "చదరపు బ్రాకెట్ల బాహువులిచ్చాను, ప్లస్ గుర్తు ఖడ్గమిచ్చాను, ఏ దుష్టాక్షరమూ తాకకుండా అటూ ఇటూ జంట కోట్స్ గుర్తుల కవచం తొడిగాను! ఇంకేం తక్కువైంది నీకు?"

"ఏమండీ, అది మీ మాట వినదు గానీ, ముందా టీవీ గోల తగ్గించండి," అంది మా అమ్మాయి.

వీరుడు రిమోటు ఎత్తి నొక్కాడు. మళ్లీ నొక్కాడు. టీవీ చలించలేదు.

"ఆ కవరు తీసెయ్యండని పెళ్లైన దగ్గర్నుంచీ మొత్తుకుంటున్నా. దుమ్ము పట్టదు సరే, అది పనిచెయ్యొద్దూ?" అంటూ లాక్కుని, కవరు చించి నొక్కింది. టీవీ మూగబోయింది.

అల్లుడు చిరిగిన కవరు వైపు చూశాడు. "కవచం..." అని గొణిగి, కంప్యూటరు మీదకి లంఘించాడు. కోట్స్‌లో ఉన్నంతసేపూ ఆ బ్రాకెట్లూ ప్లస్సూ ఉత్త అక్షరాలేనట. పేరులో అచ్చంగా బ్రాకెట్లూ ప్లస్సూ ఉన్న ఫైలు కోసం షెల్ వెతుకుతోందట! అలాంటి పేరు ఎవరు పెడతారు? కోట్స్ విప్పితేనే బ్రాకెట్లకు ‘ఏ అంకైనా సరే’ అనే ప్రాణం వస్తుందట.

"మరి అన్నిటికీ తీసేస్తారా, అల్లుడుగారూ?" అన్నాను.

"లేదు మామయ్యగారూ. పంపేటప్పుడు ఫైలు పేరుకి ఉండాల్సిందే, మధ్యలో ఖాళీలుంటే విరిగిపోతుంది. పోల్చి చూసే నమూనాకే వద్దు."

అద్దం దుమ్ముకే గానీ దణ్ణానికి కాదన్నమాట, అనుకున్నాను.

జంట కోట్స్ నేలకొరిగాయి. ఫైళ్లు బారులు తీరి కదిలాయి. అన్నీ అందాయని ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. అప్పుడా విజేత, పెళ్లినాటి నుంచి మా అమ్మాయికి బాకీపడి, అడిగినప్పుడల్లా వాయిదా వేస్తూ వచ్చిన ఒకే ఒక్క మాటను, నా వైపోసారి చూసి, తలొంచుకుని చెల్లించాడు:

"నువ్వు చెప్పిందే కరెక్టు."

"కవరేసి చెప్పినట్టుంది. సరిగ్గా చెప్పండి."

చెప్పాడు. వంటింట్లోకి కూడా వినబడింది.