పిల్లి గడప దాటడానికి రుసుము

మానవజాతి నిప్పును కనిపెట్టింది, చక్రాన్ని కనిపెట్టింది. ఒకే వస్తువును ఊరికే ఇస్తూ, దాన్నే డబ్బుకు అమ్మే ఉపాయం మాత్రం ఇంతవరకూ సరిగ్గా కనిపెట్టలేకపోయింది. ఆ లోటు తీర్చే భారం చివరికి మా అక్క ఇంటి భోజనాల బల్ల మీద పడింది.

అక్క బొమ్మలు వేస్తుంది. మందుల డబ్బాల మీద ఆకులూ నీటిచుక్కలూ గీసే ఉద్యోగం మానేసి, బావతో కలిసి సొంతంగా ఒక వీడియోగేమ్ మొదలుపెట్టింది. తప్పిపోయిన పిల్లి వానలో వీధులన్నీ దాటుకుని ఇంటి గడప చేరాలి. అంతే ఆట. బొమ్మలు అక్కవి, కోడ్ బావది. ఆట అమ్ముడుపోకపోతే అక్క మళ్లీ మందుల డబ్బాలకు వెళ్లాలి. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనరు గానీ అందరికీ వినపడుతూనే ఉంటుంది.

మొదట్లో ఆటంతా ఉచితంగానే ఇచ్చి, ఇష్టమైనవాళ్లు డబ్బు కట్టొచ్చని ఒక బటన్ పెట్టారు. జనం ఎగబడి ఆడారు. "చాలా బాగుంది, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి" అని రాశారు. బటన్ నొక్కే పని కూడా దేవుడికే వదిలేశారు.

దాంతో ఉచితానికీ అమ్మకానికీ మధ్య తూకం చూసే సమతౌల్య సంఘం ఏర్పడింది. అధ్యక్షురాలు అక్క అత్తగారు, బేకరీ నడిపి తలపండిన మనిషి. బావ ముఖ్య సమతౌల్యాధికారి. నేను గౌరవ సభ్యుణ్ణి. (ఓటు లేదు, కుర్చీ ఉంది.)

"రుచికిచ్చే ముక్క ఆకలి పుట్టించాలి గానీ తీర్చకూడదమ్మా. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే జనం, డబ్బెందుకిస్తారు?" అని అత్తగారు ప్రారంభోపన్యాసం చేశారు.

మొదటి తీర్మానం ప్రకారం డబ్బు కట్టనివాళ్లకిచ్చే ఉచిత పిల్లి గోడలెక్కరాదు. పిల్లి సందుల్లోంచి వెళ్లింది, ఎవరూ ఏమీ అనుకోలేదు. రెండో తీర్మానం ప్రకారం ఉచిత పిల్లికి తోక ఉండరాదు.

"తోక జోలికొస్తే ఊరుకోను" అంది అక్క.

చర్చల మీదట రాజీ కుదిరింది. తోక ఉంటుంది, ఊగదు. వారం తిరక్కుండానే ఒక పశువైద్యురాలు పిల్లికి వెన్నులో నొప్పేమో చూపించమని సలహా పంపింది. (ఉచితంగానే.) ఆ తర్వాత మ్యావ్‌లకు కోటా పెట్టారు. అప్పుడు మాత్రం జనం మండిపడ్డారు. పిల్లికి బిచ్చం పెట్టనివాళ్ల గురించి వినడమే గానీ, పిల్లి గొంతే నొక్కేవాళ్లను ఇప్పుడే చూస్తున్నామన్నారు.

ప్రతి సమావేశంలోనూ అక్క ఒకే ప్రశ్న అడిగేది. "ఇంటి లోపల గది ఎప్పుడు గీయను?"

"అది ఇవాళ్టి ఎజెండాలో లేదు" అనేవాడు బావ.

చివరికి ఆయనకే మెరుపులాంటి ఆలోచన వచ్చింది. పిల్లికి అన్నీ తిరిగి ఇచ్చేద్దాం, గడప దాకా రానిద్దాం, తలుపు తెరుచుకోవాలంటే మాత్రం డబ్బు కట్టాలి అన్నాడు. అత్తగారు లేచి నిలబడి ఆమోదించారు. ఇక సంఘం తలుపు మీద పడింది. గీరితే ఎంత చప్పుడు రావాలి, కిటికీలో నీడ ఎప్పుడు కదలాలి, లోపల ఎవరో గిన్నె కింద పెట్టినట్టు ఎంత మెల్లగా వినపడాలి అని వాదించుకున్నారు. తలుపు కింద వెలుగు గీతను అక్క ఎన్నిసార్లు చెరిపి గీసిందో లెక్కలేదు. నేను ఆడి చూశాను. తడిసిన పిల్లి ఆ వెలుగు పక్కన ముడుచుకుని కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది.

ఈ కొత్త తలుపుతో ఆట విడుదలైన రోజునే ఒక బస్సు డ్రైవరు డబ్బు కట్టాడు. అక్క కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. కాసేపటికి ఆయన దగ్గర్నుంచి కబురొచ్చింది. "తలుపు తెరిచానండీ. లోపలంతా తెల్లగా ఉంది. నా ఫోన్‌లోనే ఇలాగా?"

బావ అక్క వైపు తిరిగాడు. "లోపల నువ్వేమీ గీయలేదా?"

"ఎప్పుడు గీయనని అడుగుతూనే ఉన్నా కదా!"

"అవును. వాయిదా వేశాం" అని ముఖ్య సమతౌల్యాధికారి నిజాయితీగా ఒప్పుకున్నాడు. అక్క మొహం పాలిపోయింది. మందుల డబ్బాలు ఆవిడ కళ్ల ముందు కదిలినట్టే ఉన్నాయి.

డబ్బు వెనక్కి పంపుతామని డ్రైవరుకు రాశారు. "డబ్బు వద్దులెండి. ఆ తలుపు మళ్లీ మూసేయండి చాలు. మూసి ఉన్నప్పుడే లోపల మా ఇల్లున్నట్టుండేది" అని జవాబిచ్చాడాయన.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. ఇకపై తెరుచుకునే తలుపు ఉచితమనీ, మూసి ఉండే తలుపు కావలసినవాళ్లు రుసుము చెల్లించాలనీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తెల్లటి శూన్యం చూసిన జనం పరుగున వచ్చి డబ్బు కట్టి తలుపు మూయించుకున్నారు. అక్క ఉద్యోగానికి వెళ్లే అవసరం తప్పింది. ఇంట్లో అందరం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం.

మర్నాడు అక్క రంగులన్నీ బల్ల మీద పరుచుకుని కూర్చుంది. "ఇక నెమ్మదిగా ఆ గది గీసుకుంటాను" అంది.

అత్తగారు ఎంతో ఆప్యాయంగా ఆ రంగులు పక్కకు జరిపారు. "పిచ్చిదానా, లోపల బాగుంటే మూసిన తలుపు ఎవరు కొంటారే?"