పులిహోర తింటూ పెట్టిన పెట్టుబడి

మీరేమైనా అనుకోండి, ఎమర్జింగ్ మార్కెట్ ఈటీఎఫ్ అంత సంసారపక్షమైన వస్తువు ఈ అమెరికాలో ఇంకోటి లేదు!

తెలియనివారికి చెబుతున్నాను. ఎదుగుతున్న దేశాల కంపెనీల షేర్లన్నీ ఒక బుట్టలో వేసి, ఆ బుట్టను వాటాలుగా అమ్ముతారు. బుట్టలో ఏముందో చీటీ కూడా ఇస్తారు. దాన్ని చదవడం మాత్రం మర్యాద కాదు.

కొత్తిమీర కట్ట కోసం మూడు ఇండియన్ షాపులు తిరిగే మావారు ఉమాకాంత్, ఈ 2013 జనవరిలో దీన్ని స్నేహితుడు శేషగిరిగారి బేస్‌మెంట్‌లో, తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ విందులో పళ్ళెం చేతిలో ఉండగానే ఖాయం చేసేశారు.

"గురూ, గ్రోతంతా ఇండియాదే! కళ్ళు మూసుకుని పెట్టెయ్," అన్నారు శేషగిరిగారు. ఆ దేశం బాగుపడదని పదిహేనేళ్ళ కిందట విమానమెక్కిన ఎనిమిదిమందీ దేశభక్తితో తలలూపారు.

ఆయన అందరికీ మెయిల్ చేసిన చీటీని చదివినదాన్ని నేనొక్కదాన్నే. ఎం.కాం. చదివిన పాపం! గిన్నె పట్టుకుని కిందికి దిగి, "ఇందులో ఇండియా వాటా వందకి ఏడో ఎనిమిదోనండీ. ఎక్కువ భాగం చైనా, కొరియా, బ్రెజిల్..." అన్నాను.

శేషగిరిగారు నా గిన్నెలోంచి ఇంకో గరిటె వడ్డించుకున్నారు.

"వదినా, పులిహోర అదిరింది!" అన్నారు శేషగిరిగారు.

అలా వెళ్ళినవి నాలుగువేల డాలర్లు. గ్రీన్ కార్డు వచ్చాక కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్ చదవాలని నేను ఆరేళ్ళు దాచినవి. "నీ ఫీజు టైముకి డబుల్ అయిపోతాయి," అన్నారు మావారు. ఇంత ముందుచూపు ఎందరు భర్తలకుంటుంది?

అప్పట్నుంచి మా ఇంటికి విశాల దృష్టి అబ్బింది. బ్రెజిల్‌లో వానలు పడ్డాయా అని మావారు పొద్దున్నే వాకబు చేస్తారు. మా బేస్‌మెంట్‌లోకి నీళ్ళొస్తే "చూద్దాంలే" అంటారు. కొరియాలో ఫోన్లు అమ్ముడుపోకపోతే ఆయనకి అన్నం సయించదు! పాపం మా అమ్మాయి దియ అడగనే అడిగింది: "డాడీ, మనకి బ్రెజిల్‌లో రిలేటివ్స్ ఉన్నారా?"

ఇంతలో వేసవి వచ్చింది. వాషింగ్టన్‌లో సెంట్రల్ బ్యాంకు పెద్ద ఎవరో ఒక మాటన్నారు, ఎక్కడెక్కడి మార్కెట్లూ జారిపోయాయి. నాలుగువేలు మూడువేల నాలుగొందలయ్యాయి.

"లాంగ్ టర్మ్ రజినీ! ఐదేళ్ళు కదిలించకూడదు," అన్నారు మావారు.

నిజమే కదా! ఆరేళ్ళు కదలకుండా కూర్చున్నదాన్ని, ఇంకో ఐదేళ్ళు నాకొక లెక్కా?

ఫీజుకి ఆఖరి వారం వచ్చింది. ఆ అకౌంట్ మా ఇద్దరిదీ. పాస్‌వర్డ్ గుర్తుండేది మాత్రం నాకే. సోమవారం ఆయన ఆఫీసుకని చికాగో రైలెక్కగానే మొత్తం అమ్మేశాను. డబ్బు చేతికొచ్చాక శుక్రవారం కాలేజీకి కట్టేశాను. తగ్గిన ఆరొందలకి ఒక క్లాసు మానుకున్నాను.

ఆ సాయంత్రమే శేషగిరిగారి ఫోను.

"వదినా, అమ్మేశారట! ఉమాకాంత్ చెప్పాడు. ఇప్పుడెందులో పెట్టారు? మాకూ చెప్పండి, కళ్ళు మూసుకుని పెట్టేస్తాం."

పులిహోరలో ఆవపిండి ఎప్పుడు కలపాలో వివరంగా చెప్పి ఫోను పెట్టేశాను.