పాదిరి రాయి

తొలకరి కురిసిన మర్నాడు పొద్దున్నే దివాకర్ వజ్రకరూరు బస్సెక్కాడు. పెద్ద పనేమీ పెట్టుకోలేదు. ఒక సమాధి రాయి కడగాలి, ఫోటో తీయాలి, మధ్యాహ్నానికి అనంతపురం చేరి భోంచేయాలి. పద్దెనిమిదో శతాబ్దపు క్రైస్తవ పాదిరుల చరిత్రను ఆయన ఇరవై ఏళ్లుగా రాస్తున్నాడు. ఫ్రెంచి పాదిరి ఒకాయన 1741లో వజ్రకరూరులోనే చనిపోయాడని రాస్తే తోటి పండితులు నవ్వారు. రుజువు లేకపోతే ఆ అధ్యాయం తీసేస్తామని ప్రచురణకర్త తేల్చేశాడు. అది తీసేస్తే పుస్తకానికి అట్టలే మిగులుతాయి.

వానకు సిలువ రాయి బయటపడిందని ఫోన్ చేసింది చేను రైతు తిప్పన్న. దివాకర్ చేలో మోకాళ్ల మీద కూర్చుని, పళ్ల బ్రష్షుతో మట్టి తోముతూ, భూతద్దంతో ఒక్కో అక్షరమే చూడసాగాడు. వాన పడితే చాలు వజ్రాల కోసం ఊళ్లకు ఊళ్లు దిగే నేలలో చేయకూడని పని అదొక్కటే.

"ఏం దొరికినాది సార్?" గొర్రెలు వదిలేసి వజ్రాలు వెతుకుతున్న ఆదెప్ప గట్టు మీంచి అడిగాడు.

"ఏమీ లేదప్పా. పాత పాదిరి గోరీ."

ఆదెప్ప వెనక్కి తిరిగి కేకేశాడు. "ఏమీ లేదంటాండాడు, రాండప్పా." అక్కడ వజ్రం దొరికినవాడు మొదట అనేది ఆ మాటే.

గంటలో నలభైమంది చేరారు. "తవ్వొద్దండప్పా, ఇది చరిత్ర" అంటూ దివాకర్ రాయి మీద అడ్డంగా పడుకున్నాడు. దాంతో ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. ఆయన్ను మర్యాదగా ఎత్తి గట్టు మీద కూర్చోబెట్టి గడ్డపారలు దించారు. రాయి ముక్కలైంది. కింద మట్టి తప్ప ఏమీ లేదు.

దివాకర్ ఏడుస్తూ ముక్కలు ఏరుకోసాగాడు.

"చేను నాది గదా సార్, అన్నీ నువ్వే ఏరుకుంటాండావే?" అని తిప్పన్న మొదటి ముక్క లాక్కున్నాడు. తక్కినవి తక్కినవాళ్లు పంచుకుపోయారు.

నాలుగో రోజు, ముక్కలు పంచుకుపోయినవాళ్లలో ఒకతె, బయమ్మ అనే కూలి మనిషి అనంతపురంలో దివాకర్ ఇంటికొచ్చి కొంగుముడి విప్పింది. ఆమె అరచేతిలో 1741 ఉంది.

"దీనికేమన్నా విలువుంటాదా సార్? చదువుకున్నోడివి, నిజం చెప్పు. లేదంటే ఈడనే పారేసి పోతా."

ఒక్క అబద్ధం ఆడితే చాలు. పాపం, ఆయనకు ఆ విద్య రాదు. కళ్లు తుడుచుకుంటూ, "దీని ముందు వజ్రం ఏపాటిదమ్మా? ఉండు, ఫోన్ తెచ్చి ఫోటో తీసుకుంటా" అన్నాడు.

ఫోన్ తెచ్చేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. బయమ్మ వజ్రాల వ్యాపారిని వెతుక్కుంటూ గుత్తి బస్సెక్కేసింది.

ఇరవై ఏళ్లలో దివాకర్ మాట నమ్మిన మొదటి మనిషి ఆమే.