పేరు తీసేసిన వ్యాసం

ఇలా దగ్గరికి జరిగి కూర్చో, ఆ ఫోను పక్కన పెట్టు. ఆడవాళ్ల బతుకుల మీద పెద్ద చదువులవాళ్లు రాసుకునే పత్రిక ఒకటుంది. ఏ వ్యాసమైనా అచ్చు వేసే ముందు, రాసినవాళ్ల పేరు తీసేసి ఇంకొకరికి పంపి, బాగుందో లేదో అడుగుతారు. మొహమాటాలుండకూడదని.

ఒక లెక్చరరమ్మ ఆ రోజు పొద్దున బట్టలారేసి, పరీక్ష పేపర్లు దిద్దుకుందామని కూర్చుంది. ఇంతలో ఆవిడ మొగుడు, పెద్ద ప్రొఫెసరు, కాగితాల కట్ట తెచ్చి ఒళ్లో పడేశాడు.

"పత్రికవాళ్లు పంపారోయ్. సాయంత్రానికల్లా అభిప్రాయం రాసిపెట్టు, సంతకం పెట్టేస్తాను."

ఎప్పుడూ ఉండేదే. ఆయన పేరున వెళ్లే అభిప్రాయాలన్నీ ఆవిడ రాసినవే. కానీ ఈసారి మొదటి పేజీ చూడగానే ఆవిడ గబుక్కున కాగితాలు బోర్లించింది. అది తన వ్యాసమే! భర్తల పేరు మీద భార్యలు చేసే రాతపని గురించి, ఇంట్లో చెప్పకుండా రాసి పంపింది. అచ్చయితేనే ఉద్యోగం ఖాయమవుతుంది. వీళ్లిద్దరూ ఆలుమగలని పాపం సంపాదకురాలికి తెలియదు.

తన రాతను తనే మెచ్చుకోవడానికి ఆవిడకు మనసొప్పలేదు. నిజం చెబుదామంటే ధైర్యం చాల్లేదు.

"ఈ ఒక్కటీ మీరే చదవండి. నాకు పేపర్లున్నాయి."

"నేనా?" అన్నాడాయన, చేతికి అట్లకాడ ఇచ్చినట్టు.

చదివాడు. చదివేకొద్దీ మండిపడ్డాడు. "ఎవడో మొగుడు, అన్నీ పెళ్లాం చేత రాయించుకుని సంతకం పెడతాట్ట! సిగ్గులేని మనిషి! ఇలాంటివాళ్లు ఎక్కడుంటారోయ్?"

"ఎక్కడో ఉండే ఉంటార్లెండి," అందావిడ తలెత్తకుండా.

'అంతా కట్టుకథ. అచ్చు వేయొద్దు' అని రాసి పంపేశాడు.

మర్నాడు సంపాదకురాలు ఫోను చేసింది. పొగుడుతుందనుకుని ఆయన స్పీకరులో పెట్టాడు.

"ఒంట్లో బాగుందా ప్రొఫెసరుగారూ? ఎప్పుడూ పేజీలకు పేజీలు ఓపిగ్గా రాసేవారు! ఇది మీరు రాసినట్టే లేదు. ఎవరిచేత రాయించారు?"

ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. "నేను రాసింది ఇదొక్కటేనమ్మా! మిగతావన్నీ మా ఆవిడ రాసింది!"

"అయితే కట్టుకథ కాదన్నమాట," అంది సంపాదకురాలు.

అప్పుడు లెక్చరరమ్మ ఫోను అందుకుని అసలు సంగతి చెప్పేసింది. వ్యాసం ఇంకెవరికో వెళ్లి, మెప్పు పొంది అచ్చయింది, ఉద్యోగమూ ఖాయమైంది. వ్యాసం చివర చిన్న అక్షరాల్లో 'సాక్ష్యం చెప్పిన మావారికి కృతజ్ఞతలు' అని వేసుకుంది.

ఇది గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పు. ప్రొఫెసరు ఎదురుగా ఉన్నా ఫర్వాలేదు, ఇంకెవడి గురించో అనుకుంటాడు.