మాత్ర మింగని మహానుభావుడు

"మాత్రలు మనోబలం లేనివాళ్లకి. నాలుక మన చెప్పుచేతల్లో ఉంటే షుగరు దానంతటదే అదుపులో ఉంటుంది."

ఈ మహావాక్యాన్ని నేను మా నీటి సరఫరా ఆఫీసులో, భోజనాల బల్ల దగ్గర, చేతిలో ఉడికిన గుడ్డు పట్టుకుని సెలవిచ్చాను. ఆ ఉదయమే మాత్ర వేసుకున్నాను. అది వేరే సంగతి.

నాకు షుగరుందని తేల్చినప్పుడు డాక్టరమ్మ మాత్రలు రాసి, అన్నం, రొట్టె, బంగాళదుంప మెల్లమెల్లగా తగ్గించమంది. "తిండి మరీ తగ్గిస్తే ముందు నాకు చెప్పండి. ఈ మాత్ర మోతాదు కూడా తగ్గించాలి. లేకపోతే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది" అంది. నేను బుద్ధిగా తలూపాను. తలూపడంలో నాది సుదీర్ఘమైన సర్వీసు.

కొన్నాళ్లకి పొట్ట తగ్గింది. మా టైపిస్టమ్మ అది గమనించి అడిగింది.

"ఏం చేస్తున్నారండీ?"

"తిండి మార్చాను."

"మాత్రలేమైనా వాడుతున్నారా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ బల్లంతా నావైపే చూస్తోంది. అన్నేళ్లలో ఉప్పు అందుకోవడానికి తప్ప ఆ బల్ల దగ్గర ఎవరూ నావైపు చూసిన పాపాన పోలేదు.

"మాత్రలా? నేనా?" అన్నాను.

ఆ రోజు నుంచి నేను ఆఫీసుకి ఆరోగ్యగురువునైపోయాను. గురువన్నాక నియమం ఉండాలి కదా. అన్నం, రొట్టె పూర్తిగా మానేశాను. ఈ సంగతి డాక్టరమ్మకి చెబితే తిడుతుందని, అడిగినప్పుడల్లా "మీరు చెప్పినట్టే తింటున్నానండీ" అనేవాణ్ణి. ఆఫీసులో మాత్రల గురించి అబద్ధం, ఆస్పత్రిలో తిండి గురించి అబద్ధం. రెండూ ఎక్కడా ఎదురుపడకుండా జాగ్రత్తపడ్డాను గానీ, అవి కలుసుకునేది నా ఒంట్లోనేనని తట్టలేదు.

ఇంతలో మా ఆఫీసరుగారు మందుల్లేని ఆరోగ్యం మీద నా ఉపన్యాసం ఏర్పాటు చేశారు. తనకి జలుబు కూడా రాదని చెప్పుకునే మనిషాయన.

ఉపన్యాసం రోజు ఉదయం మా ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఏమండీ, మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో వెళ్తారా? ఏదైనా తినండి."

"ఉపన్యాసానికి కడుపు తేలిగ్గా ఉండాలి."

"తేలిక కావాల్సింది కడుపు కాదు, మీ తల" అని పక్కకి తప్పుకుంది.

హాలు నిండిపోయింది. మనోబలం దగ్గర మొదలుపెట్టాను. కాసేపటికి చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. జనం అది ఆవేశమనుకుని చప్పట్లు కొట్టారు. మాటలు తడబడ్డాయి, ముందు వరుస మసకబారింది. నాకు నిజంగా భయమేసింది. "మాత్ర వేసుకున్నాను... ఏమీ తినలేదు" అని మైకులోనే చెప్పి కుర్చీలో కూలబడ్డాను.

టైపిస్టమ్మ పరుగెత్తుకొచ్చింది. "షుగరు పడిపోయినట్టుంది. ఎవరి దగ్గరైనా తీపి ఉందా?"

హాలంతా జేబులు తడుముకున్న చప్పుడు. రికార్డుల గుమాస్తా కళ్లజోడు పెట్టెలోంచి చాక్లెట్టు తీశాడు. క్యాషియరు జేబులోంచి గ్లూకోజు పొట్లం వచ్చింది. ఆఫీసరుగారు కోటు లోపలి నుంచి గుప్పెడు చక్కెర బిళ్లలు తీశారు. మాత్ర వేసుకునేవాళ్లు దగ్గర ఉంచుకునే సరుకు ఎవరెవరి చేతిలో ఉందో అందరికీ కనబడిపోయింది.

"మా పిల్లల కోసం కొన్నాను" అన్నాడు క్యాషియరు. అతనికి పెళ్లి కాలేదు.

నాకు తీపి పెట్టి, కాస్త తేరుకున్నాక ఆస్పత్రికి తీసుకెళ్లారు. కబురందుకుని అక్కడికి వచ్చిన మా ఆవిడ ఏదీ దాచకుండా చెప్పేసింది. డాక్టరమ్మ మోతాదు తగ్గించి, "తిండీ మందూ ఒకదాన్ని చూసుకుని ఒకటి నడవాలి. ఈసారి మార్చేముందు చెప్తారా?" అంది.

నేను తలూపాను.

"నోటితో చెప్పండి" అంది మా ఆవిడ.

"చెప్తాను" అన్నాను.

మళ్లీ ఆఫీసుకి వెళ్లిన రోజు, భోజనాల బల్ల దగ్గర అందరూ చూస్తుండగా మాత్ర వేసుకున్నాను. "ఇది లేకుండా నా షుగరు తగ్గలేదు. మీతో అబద్ధమాడాను" అన్నాను. టైపిస్టమ్మ ఒక్కతే నీళ్ల గ్లాసు నావైపు జరిపింది.

సాయంత్రం ఆఫీసరుగారు లోపలికి పిలిచి తలుపు వేశారు.

"మీది ఏ మాత్ర?"

చెప్పాను.

"నాదీ అదే" అన్నారు మెల్లగా. "అందరి ముందూ ఒప్పేసుకున్నారు. మీ ధైర్యం చూస్తే ముచ్చటేసింది."

నా గుండె నిండిపోయింది. ఈయన కూడా బయటపడితే ఇక ఆఫీసులో ఎవరికీ దాచుకునే పని ఉండదనుకున్నాను.

"అయితే ఒక చిక్కుంది" అన్నారు. "పై అధికారులు తనిఖీకి వస్తున్నారు. మందుల్లేని ఆరోగ్యం మీద మన ఆఫీసులో ఉపన్యాసం జరుగుతుందని ముందే మాటిచ్చేశాను. మీరెలాగూ దొరికిపోయారు కాబట్టి, అది నేనిస్తాను."



ఆయన తలుపు వైపు ఓసారి చూసి, గొంతు ఇంకా తగ్గించారు.

"మీరు ముందు వరుసలో కూర్చోండి. జేబులో తీపి ఏదైనా ఉంచుకోండి."