నర్సింగరావు పాత బోర్డు

దసరాకు నెల ముందు, ఏటా కొన్ని విభాగాలకు మార్చినట్టే, గచ్చిబౌలిలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వంతు వచ్చిన ఉద్యోగుల తలల్లో ప్రాసెసర్లు మార్చింది. మూడో అంతస్తులో భోజనాల హాలు ఖాళీ చేయించి, వరుసగా కుర్చీలు వేయించి, పేరు పేరునా పిలిచి, తల మూత తీసి పాతది లాగి కొత్తది నొక్కి పంపారు. ఎవరూ తోసుకోలేదు, ఎవరూ మధ్యలో దూరలేదు. మధ్యాహ్నానికల్లా హాల్లో మళ్లీ పప్పుచారు వాసన వచ్చింది. మన ఊళ్లో ఇంత పద్ధతిగా జరిగే పని ఇంకొకటి చూపించమంటే నేను చూపించలేను.

ఒక్క ఆడెపు నర్సింగరావు దగ్గరే పని ఆగింది. ఆయన టెస్టింగ్ విభాగంలో సీనియర్. మనిషి బంగారం, ప్రాసెసరే పాతది. మీటింగులో అడిగిన ప్రశ్నకు ఆయన జవాబు మీటింగు ముగిశాక లిఫ్టు దగ్గర వచ్చేది. జవాబు సరైనదే. కానీ అడిగినవాడు అప్పటికి కిందికి దిగిపోయి ఉండేవాడు. పని తెమలక ఆదివారాలు కూడా ఆఫీసుకే పోయేవాడు, ఇంట్లో ఉండేది రాత్రి భోజనం వేళకే. అక్కడా ఇదే వరస. భార్య జలజ భోజనం దగ్గర ఏదైనా నవ్వొచ్చే మాట చెబితే ఆయన తలూపి, పెరుగన్నం కలుపుకుని తిని, చెయ్యి కడుక్కుని, తువ్వాలు అందుకున్నాక అప్పుడు పగలబడి నవ్వేవాడు. ఆ నవ్వు కోసం జలజ చేస్తున్న పని ఆపి మరీ ఎదురుచూసేది. ఆయన కొనిపెట్టిన చీరలూ గాజులూ ఒక ఎత్తు, ఆ ఆలస్యపు నవ్వు ఒక్కటీ ఆమెకు ఒక ఎత్తు.

ఏ ప్రాసెసర్ ఏ బోర్డు మీద కుదురుతుందో తేల్చడానికి కంపెనీలో అనుకూలతాధికారి అని ఒకాయన ఉంటాడు. పేరు పేరి భాస్కరం. నెమ్మదస్తుడు, ఎవరినీ నొప్పించడు. మనిషిలో తల లోపలి ప్రాసెసర్, జ్ఞాపకాలుండే డిస్కు, పైకి కనిపించే మొహం తీసేస్తే మిగిలినదంతా బోర్డే. నిద్ర, ఆకలి, కోపం, మాట యాస అన్నీ దాని మీద అతికినవే. వెనకటి తరం మనుషులకు బోర్డు మీద సాకెట్ ఉండేది, ప్రాసెసర్‌ను వేలితో లేపి ఇంకొకటి పెట్టుకోవచ్చు. ఈ కాలం పిల్లలకు కాలేజీలవాళ్లే ఫీజులో కలిపి సాకెట్ పెట్టించి పంపుతున్నారు. ఈ రెండింటికీ మధ్య, మనుషులు సన్నగా తేలిగ్గా ఉండాలని అందరూ ముచ్చటపడిన రోజుల్లో, ప్రాసెసర్‌ను బోర్డుకే టంకం పెట్టి అతికించేశారు. నర్సింగరావు ఆ రోజుల సరుకు.

అయినా కంపెనీ ఆయన్ని వదిలేయలేదు. టంకం కరిగించి, పాత ప్రాసెసర్ తీసి, పాత బోర్డు మీదే కొత్తది అతికించి ఒక రోజు నడిపి చూశారు. ఎంత ఓపికో చూడండి. ఆ రోజు నర్సింగరావు చెయ్యి టీ పోయకముందే కప్పు కోసం లేచింది, కింద ఒలికిన టీని చూసి కాలు చాలాసేపటికి పక్కకు జరిగింది. మెడ పెనంలా కాలింది. రెండు పూటలకు సరిపడా తిన్న అన్నం పదకొండు గంటలకే అరిగిపోయింది. అన్నిటికంటే చిక్కేమిటంటే, ఆయన బోర్డు లేవగానే మొదట పేపరు అడుగుతుంది, కొత్త ప్రాసెసర్‌కు పేపరంటే తెలియదు. ఒకరు కదిలితే ఇంకొకరు కదులుదామని రెండూ సాయంత్రం దాకా కుర్చీలో కూర్చున్నాయి.

మర్నాడు పాత ప్రాసెసర్ తిరిగి అతికించి, భాస్కరం జలజను పిలిపించాడు. నర్సింగరావును పక్కనే కూర్చోబెట్టి ఇద్దరికీ కాఫీ ఇప్పించాడు.

"బోర్డు కూడా మార్చాలమ్మా. మొహం ఆయనదే ఉంటుంది. జ్ఞాపకాలన్నీ ఉంటాయి. మీ పెళ్లి, మీ పుట్టినరోజు, ఏదీ పోదు."

"మరి ఆయన నవ్వు సార్?"

"నవ్వు బోర్డు మీద ఉంటుందమ్మా. కొత్త బోర్డుతో పాటు కొత్త నవ్వు వస్తుంది. ఇంకా స్పష్టంగా ఉంటుంది."

"మార్చకపోతె ఏమైతది?"

"ఏమీ కాదు. ఆయన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో మాకు తెలియదు, అంతే," అన్నాడు భాస్కరం ఎంతో మర్యాదగా.

జలజ భర్త వైపు చూసింది. నర్సింగరావు కాఫీ కప్పు వైపు చూస్తున్నాడు. ఇంటి మీద లోను ఉంది, ఆయనకు ఇంకో ఉద్యోగం ఇచ్చేవాళ్లు లేరు. ఆమె సంతకం పెట్టింది, ఆయనా పెట్టాడు. భాస్కరం లేచి నిలబడి ఇద్దరికీ నమస్కారం చేశాడు. లిఫ్టు దగ్గరికి వచ్చాక నర్సింగరావు ఆగి, "ఒద్దందామా జలజా?" అన్నాడు. లిఫ్టు తలుపు తెరుచుకుంది, ఇద్దరూ ఎక్కారు.

బోర్డు మార్చిన రోజు జలజ హాలు బయట బెంచీ మీద కూర్చుంది. ఆమెకు ఒక అలవాటుంది. మిక్సీ బాగుచేసేవాడి దగ్గరా, స్కూటర్ మెకానిక్ దగ్గరా, గీజరువాడి దగ్గరా పాత పార్టు అడిగి తీసుకోకుండా ఇంటికి రాదు. నిజంగా మార్చారా, మార్చామని చెప్పి డబ్బు గుంజారా అని తేల్చుకోవడానికి మన ఇళ్లల్లో అందరూ చేసే పనే ఇది. భాస్కరం బయటికి వచ్చి అంతా సవ్యంగా జరిగిందని చెప్పగానే ఆమె నోట అదే మాట వచ్చింది.

"పాత సామాను మాకియ్యుండ్రి సార్."

ఇంతవరకూ ఎవరూ అలా అడగలేదు. భాస్కరం నిబంధనలన్నీ తిరగేశాడు. ఇవ్వాలని ఎక్కడా లేదు, ఇవ్వకూడదనీ లేదు. పాత ప్రాసెసర్‌తో సహా బోర్డును ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెలో పెట్టి, పగలకుండా చుట్టూ పాత పేపర్లు కుక్కి, తాడు కట్టించి, తనే ఒక చెయ్యి వేసి ఆటో ఎక్కించాడు. ఇలాంటి అధికారులు అరుదు.

కొత్త నర్సింగరావును చూసి కంపెనీ మురిసిపోయింది. మురిసిపోవలసిందే. ఎదుటివాడు నోరు తెరిచేసరికి జవాబు సిద్ధంగా ఉండేది. నాలుగు తెరల ముందు కూర్చుని నలుగురి పని చేసేవాడు. చెవుల వెనక చిన్న ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఆయన వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. యాస కూడా పోయి టీవీలో వార్తలు చదివేవాళ్ల తెలుగు వచ్చింది. ఇంటికి వచ్చాక జలజ ఏదైనా చెప్పబోతే, మాట సగంలో ఉండగానే చివరికేమవుతుందో గ్రహించి, కొలిచినట్టు నవ్వి, "బాగుంది" అనేవాడు. తప్పు పట్టడానికేమీ లేదు. జలజ చెప్పడం మానేసింది.

ఒక శనివారం ఆమె అట్టపెట్టెను సికింద్రాబాద్‌లో, ప్యారడైజ్ దగ్గరి కంప్యూటర్ల బజారుకు తీసుకెళ్లింది. అంజద్ భాయ్ అనే రిపేరు దుకాణదారు పేపర్లు తీసి లోపలికి చూశాడు.

"దీన్ని ఎందుకు తీసేసిన్రమ్మా? మంచిగనే ఉన్నది గదా."

"స్లో ఉన్నడంట."

"స్లో ఉంటే ఏంది? నడుస్తది," అన్నాడు అంజద్ భాయ్. డిస్కు ఖాళీది ఒకటి వేశాడు. మొహాల డబ్బాలో వెతికి, మీసాలున్న వెడల్పాటి మొహం ఒకటి బిగించాడు. ప్రాసెసర్ వేడెక్కకుండా పైన పూసే పేస్టు మాత్రం అయిపోయింది, పండగ రద్దీలో దొరకలేదు. ఆయుధపూజకని కొన్న గంధం పొట్లం జలజ సంచిలో ఉంది. గంధం చలవ చేస్తుందని ఆమె ఇస్తే అంజద్ భాయ్ కాదనలేదు. అప్పటి నుంచీ ఆ బోర్డు ఆలోచించినప్పుడల్లా ఇల్లంతా గంధం వాసన వస్తుంది.

ఇంటికి చేరాక పాత నర్సింగరావు లేచి మొదట పేపరు అడిగాడు. తరువాత చుట్టూ చూశాడు.

"నమస్తెనమ్మా. ఇది ఎవరిల్లు?"

"మనదే."

"అట్లనా," అని తృప్తిగా కూర్చున్నాడు. ఆమె ఎవరో ఆయనకు తెలియదు, తనెవరో తెలియదు. భోజనం పెడుతూ జలజ భయం భయంగా, ఎదురింటాయన ఒళ్లు తగ్గాలని ట్రెడ్‌మిల్ కొంటే ఆయన భార్య దాని మీద వడియాలు పెట్టిందనీ, మొన్న కరెంటొచ్చి వడియాలన్నీ నడుచుకుంటూ పోయి గోడకు కొట్టుకున్నాయనీ చెప్పింది. ఆయన తలూపాడు. పెరుగన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. గంధం వాసన వచ్చింది. తువ్వాలు అందుకుని, కడుపు పట్టుకుని, తలుపుకు ఆనుకుని నవ్వాడు. జలజ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. ఆమెకు ఆ రోజు కలిగిన సంతోషం ఇంత అని చెప్పడం నావల్ల కాదు.

కొత్త నర్సింగరావు సాయంత్రం వచ్చి విషయం విన్నాడు. చివరిదాకా వినవలసిన అవసరం ఆయనకు లేకపోయింది. "సమంజసమే. నేను ఆఫీసులోనే ఉంటాను, అక్కడ పడకలున్నాయి. నెలకొక ఆదివారం వస్తాను. జీతం ఇక్కడికే వస్తుంది," అన్నాడు. అసూయ అన్నది ఆ బోర్డు మీద లేదు. ఇంత పెద్ద మనసుతో ఇల్లు విడిచిన మగవాణ్ణి నేనింతవరకు వినలేదు. విషయం తెలిసి కంపెనీ కూడా నొచ్చుకోలేదు సరికదా, పాత బోర్డులు అడిగిన కుటుంబాలకు ఇవ్వవచ్చని, అట్టపెట్టెలు కుటుంబమే తెచ్చుకోవాలని ఉత్తర్వు ఇచ్చింది.

అనుకున్న ఆదివారం తలుపు చప్పుడైతే పాతాయన వెళ్లి తీశాడు.

"ఎవరు గావాలె సార్?"

"జలజ ఉందా?"

"ఉన్నది. లోపలికి రాండ్రి, కూసోండ్రి," అని మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. జలజ, "మన పెండ్లి ముచ్చట చెప్పు," అని కొత్తాయన్ని అడిగింది.

ఆయన చెప్పాడు. జమ్మికుంటలో పెళ్లి. పందిట్లో కరెంటు పోయింది. మంగళసూత్రం కడుతుండగా బ్యాండువాళ్లకు సైగ అర్థం కాక బరాత్ పాట అందుకున్నారు. పెళ్లికొడుకు బాబాయి అక్షింతలనుకుని పళ్లెంలోని పులిహోర తీసి దంపతుల నెత్తిన చల్లాడు. జలజ జడలో పల్లీలు దొరికాయి. ఆయన ఒక్క వివరం తప్పకుండా, ఒకే గొంతుతో, ఫైలు చదివినట్టు చెప్పుకుపోయాడు. పాతాయన ముద్ద నోటిదాకా తెచ్చి అలాగే వింటున్నాడు. అది తన పెళ్లని ఆయనకు తెలియదు.

చెప్పడం అయిపోయింది. కొత్తాయన చారు పోసుకున్నాడు. జలజ తినడం ఆపి ఇద్దరి మధ్యా కూర్చుంది. ఎప్పటికో గంధం వాసన వచ్చింది. ఆ వెనకే నవ్వు వచ్చింది.

"పల్లీలా! జడలనా!" అని పాతాయన నేల మీద చెయ్యి చరిచి, కళ్లు తుడుచుకుని, "మీ పెండ్లి మస్తున్నది సార్. మల్లొకసారి చెప్పుండ్రి," అన్నాడు. కొత్తాయన గడియారం చూసుకుని, సమయం ఉందని తేల్చుకుని, మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు. జలజ కళ్లు మూసుకుని విన్నది. ఒకరి జ్ఞాపకం, ఒకరి నవ్వు. చాలా కాలానికి ఆమె మొగుడు ఇంట్లో ఉన్నాడు.

కొత్తాయన వెళ్లిపోయాక ఎదురింటి కళావతి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె భర్తా ఆ కంపెనీలోనే పనిచేస్తాడు.

"మీ ఆయన ఆఫీసులనే ఉంటుండంట గదా వదినా. ఇంట్ల లేకపోతె నీకు బాధ అనిపిస్తలేదా?"

"నెలకొక్క పూట పూర్తిగ ఉంటుండు వదినా," అంది జలజ గిన్నెలు తీస్తూ. "అప్‌గ్రేడ్ గాకముందు అది గూడ లేకుండె."

కళావతి భర్తకు ఇంకా అప్‌గ్రేడ్ వంతు రాలేదు. పొద్దున్నే వెళ్లిన మనిషి, ఆదివారమైనా సరే, ఇంకా రాలేదు.